జేమ్స్ థర్బర్: ఒక హాస్యచిత్రకారుని చరిత్ర

వ్యంగ్యచిత్రములు రెండు తెఱగులు. దేశనాయకులను గుర్తుపట్టునట్లు గీసి నాటి రాజకీయమును విమర్శించునది మొదటిది. 1948 మొదలు 1975 వఱకు ఢిల్లీనుండి వెలువడిన 'శంకర్స్ వీక్లీ' మూలమున ఈ తెఱగు మన ఉద్యోగివర్గమునకు చిరపరిచితము. రెండవదానిలో పేరుగల మనుష్యుడెవ్వడును ఉండడు. ఒక గది, ఆలుమగలు, ఒక కుక్క, క్రింద ఒక వాక్యము; అంతియే. వారపత్రికలో దొరకిన చోట ఇమిడిపోవు ఈ బొమ్మను చూచి పాఠకుడు క్షణకాలము నవ్వి పుట త్రిప్పును. గీసినవాని సంగతి తలంపడు. ఈ రెండవ తెఱగున పేరుగాంచిన అమెరికా దేశస్థుడు జేమ్స్ థర్బర్. అతడు చిత్రలేఖనమున శిక్షణ పొందినవాడు కాడు. ఉన్న చూపు ఒక కంటిదే.

అతడు 1894 డిసెంబరు 8వ తేదీన ఒహైయో రాష్ట్రమందలి కొలంబస్ నగరమున జన్మించెను. ఏడవ యేట అన్నతో విలుకాని యాట ఆడుచుండగా బాణము తగిలి ఎడమకన్ను పోయెను. ఆ దోషము క్రమముగా రెండవ కంటికిని సోకెను. విశ్వవిద్యాలయమున చేరినను, చూపులేమిచే అచ్చట విధిగా నుండిన సైనికశిక్షణము పూర్తిచేయజాలక పట్టము లేకయే వెలువడెను. ఆ పట్టము 1995లో, అతడు మరణించిన ముప్పదినాలుగేండ్లకు, ఇయ్యబడినది! 1918లో కేంద్రప్రభుత్వ విదేశాంగశాఖలో సంకేతలిపి గుమాస్తాగా చేరి వాషింగ్టనులోను, పిదప పారిస్ రాయబార కార్యాలయములోను పనిచేసెను. సర్కారు కొలువున నున్నవారికి ఈ ఘట్టము కొంత ఊరట గొలుపవచ్చును. ఆ కొలువు రెండేండ్ల ముచ్చట. తరువాత కొంతకాలము విలేఖరిగా నుండి, 1927లో న్యూయార్కు నగరమున 'న్యూయార్కర్' వారపత్రిక కార్యాలయమున ప్రవేశించెను. హెరాల్డ్ రాస్ ఆ పత్రికను స్థాపించి అప్పటికి రెండేండ్లు.

అచ్చట ఇ. బి. వైట్ అను రచయితయు, థర్బరును ఒకే యిఱుకుగదిలో కూర్చుండెడివారు. పసుపు కాగితములపై పెన్సిలుతో కుక్కలను, మనుష్యులను గీసి పాఱవేయుట థర్బరు అలవాటు. వైట్ వానిని ఏఱి దాచెడివాడు. 1929లో అట్లు దొరకిన బొమ్మ యొకటి: సీలు అను సముద్రజంతువు బండపై కూర్చుండి, దూరమున నున్న రెండు చుక్కలను చూచి, ఎవరో అన్వేషకులని తనలో తాననుకొనుచున్నది. వైట్ ఆ గీతలను సిరాతో దిద్ది, చిత్రముల నెన్నుకొను సమావేశమునకు పంపెను. అది తిరిగివచ్చెను. కళాసంపాదకుడు ఆ కాగితముపైననే చక్కని సీలు తల నొకదానిని గీసి, మీసములు ఇట్లుండవలెనని వ్రాసెను. థర్బరు సీలు మీసములు మాత్రము ఇట్లే యుండునని బదులు వ్రాసి వైట్ మఱల పంపెను. మఱల తిరిగివచ్చెను. ఈ మీసముల తగవు చిన్నదిగా కానవచ్చును గాని, బొమ్మ ప్రకృతిని పోలవలెనా, గీసినవాని మనస్సును పోలవలెనా యను ప్రశ్న అందు ఇమిడియున్నది.

ఆ యేడే వారిరువురు కలిసి వ్రాసిన హాస్యగ్రంథమునకు థర్బరు బొమ్మలే వేయవలెనని వైట్ పట్టుపట్టెను. ప్రకాశకులు వానిని చిత్తుప్రతులనుకొనిరట! గ్రంథము విరివిగా అమ్ముడుపోయినది. అంతట రాస్ ఆ పాత సీలు బొమ్మ యేదని అడిగెను. థర్బరు దానిని ఎప్పుడో పాఱవైచెను.

కొంతకాలమునకు దానినే తిరిగి గీయబూనగా బండ కుదరలేదు. మంచము తలవైపు పలకవలె వచ్చెను. అతడు దానిని చెఱుపలేదు. క్రింద మంచమును, మంచముపై ఆలుమగలను చేర్చెను. సీలు అఱపు వింటినని భర్త యనగా, విసిగిపోయి 'సరే, నీ మాటే కానిమ్ము' అనుచున్న భార్య. వారి తలలపైన, వారికి కానరాక, నిశ్చింతగా కూర్చుండిన సీలు. 1932 జనవరి 30వ తేదీ సంచికలో వెలువడిన యీ చిత్రముతో అతని పేరు దేశమంతట మ్రోగెను.

అతని గీతలోని బలమును తెలుపు ఉదంతము మఱియొకటి కలదు. కత్తిపందెమున ఒకడు ఎదిరి తల తెగవేసి, దెబ్బ తగిలినదని మర్యాదగా ప్రకటించుట విషయము. కార్ల్ రోజ్ అను చిత్రకారుడు దీనిని మొదట గీసెను. అతడు నేర్పరి, మనుష్యులు నిజమనుష్యులవలె నుండిరి, కనుకనే రాస్‌కు అది బీభత్సముగా తోచెను. థర్బరు మనుష్యులలో నెత్తురుండదు. తెగిన తలను తీసి తిరిగి మెడపై పెట్టుకొందురేమో యనిపించును. కావున అతనిచే గీయించిరి. చేతకానితన మనుకొన్నదే అచ్చట అక్కఱకు వచ్చినది.

1940, 1941 సంవత్సరములలో మిగిలిన కంటికి పలుమారులు శస్త్రచికిత్స జరిగెను. చూపు నిలువలేదు. కంటికి భూతద్దము తగిలించుకొని పెద్ద కాగితములపై నల్లని క్రేయానుతో గీసెను. అదియు కానరానప్పుడు నల్లకాగితముపై సుద్దతో గీసెను. పత్రికవారు పాతబొమ్మలకు క్రొత్తవాక్యములు చేర్చి అచ్చువేసిరి. 1951 జూలైలో 'టైమ్' పత్రిక ముఖపత్రముపై వెలువడిన స్వీయచిత్రమును అతని కడపటి బొమ్మగా లెక్కింతురు.

వ్రాయుట మాత్రము మానలేదు. రచననంతయు మనస్సున కూర్చుకొని, పిదప చెప్పి వ్రాయించెడివాడు. రాస్‌ను గూర్చిన గ్రంథమును 1959లో ప్రకటించెను. 1960లో తన రచనలనుండి కూర్చిన 'ఎ థర్బర్ కార్నివాల్' న్యూయార్కున ఆడుచుండగా, అఱువదియైదేండ్ల యా అంధుడు 88 ప్రదర్శనలలో తన వేషము తానే వేసెను. రంగముపై కుర్చీలో కూర్చుండి ప్రకాశకులకు ఉత్తరములు చెప్పి వ్రాయించుటయే ఆ పాత్ర. 1961 నవంబరు 2వ తేదీన మరణించెను. 'న్యూయార్కర్'లో నివాళి వ్రాసినవాడు, ఆ పసుపు కాగితములను ఏఱి దాచిన వైట్.