ప్రశ్నే వారధిగా: నల్లజాతి పురుషుల ఆత్మచిత్రణలో 'క్వశ్చన్ బ్రిడ్జ్'

ఉపోద్ఘాతం

అమెరికా చరిత్రలో నల్లజాతి పురుషుని గూర్చి ఇతరులు చెప్పిన మాటలు అపారం. అతడు తనవారితో తన గూర్చి మాట్లాడుకొన్న మాటలకు మాత్రం ప్రజావేదికపై లభించిన చోటు స్వల్పం. 2012 జనవరిలో బ్రూక్లిన్ మ్యూజియంలో ప్రదర్శితమైన 'క్వశ్చన్ బ్రిడ్జ్: బ్లాక్ మేల్స్' అనే వీడియో కళాఖండం ఈ లోటును పూరించడానికి పూనుకొన్నది. క్రిస్ జాన్సన్, హ్యాంక్ విల్లిస్ థామస్, బయేటే రాస్ స్మిత్, కమల్ సింక్లెయిర్ దీని రూపకర్తలు. ప్రశ్నించే అధికారం చేతులు మారడమే ఈ కళాఖండపు చారిత్రక ప్రాముఖ్యమని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

చారిత్రక నేపథ్యం

1850లో దక్షిణ కరోలినాలోని కొలంబియా నగరంలో ప్రకృతి శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ కోసం ఛాయాచిత్రకారుడు జోసెఫ్ జీలీ బానిసల చిత్రాలు తీశాడు. బట్టలు విప్పించి తీసిన ఆ చిత్రాలు మానవజాతులు వేర్వేరుగా పుట్టాయనే వాదానికి ఆధారాలుగా ఉద్దేశింపబడినవి. అక్కడ కెమెరా ఎదుట నిలిచినవానికి ముఖం ఉన్నది గాని మాట లేదు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ కూర్చిన ఛాయాచిత్రాలు ఆ దృష్టికి దీటైన ప్రత్యుత్తరం. నల్లజాతివాడు ఇతరుల కన్నులతో తన్ను తాను చూచుకోవలసి వచ్చే స్థితిని ఆయనే 1903లో 'ద్వంద్వ చేతన'గా నిర్వచించాడు.

1965 నాటి మోయ్నిహన్ నివేదిక నల్లజాతి కుటుంబ నిర్మాణాన్నే ఒక సమస్యగా చూపింది. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికులు తామూ మనుషులమేనని ప్లకార్డులపై ప్రకటించవలసి వచ్చింది. 1994లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో థెల్మా గోల్డెన్ నిర్వహించిన 'బ్లాక్ మేల్' ప్రదర్శన ఈ చిత్రణల చరిత్రను విమర్శకు పెట్టింది. అయితే నివేదికకైనా, నినాదానికైనా, ప్రదర్శనకైనా ఎదుట నిలిచిన శ్రోత ప్రధానంగా బయటి సమాజమే. ధిక్కారం సైతం పరుల ప్రశ్నకు సమాధానంగానే వెలువడింది.

ప్రక్రియా స్వరూపం

ఈ ప్రక్రియకు ఆద్యుడు క్రిస్ జాన్సన్. 1996లో శాన్ డియాగోలో ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలోని వర్గ, తరాల అంతరాలపై ఆయన దీనిని తొలిసారి ప్రయోగించాడు. తరువాత నల్లజాతి పురుషులపై దృష్టి నిలిపిన కొత్త రూపానికి థామస్ తోడయ్యాడు. 2000లో ఫిలడెల్ఫియాలో హత్యకు గురైన తన బంధువు మరణాన్ని థామస్ 2005లో కంబుయి ఒలుజిమితో కలిసి 'వింటర్ ఇన్ అమెరికా' అనే లఘుచిత్రంగా మలిచాడు. తనవారి మధ్యనే ఉన్న దూరాలు అతనికి గ్రంథాలలో చదివిన విషయం మాత్రమే కాదు.

పద్ధతి నిరాడంబరమైనది. ఒక వ్యక్తి తనకు భిన్నుడని భావించే మరొక నల్లజాతి పురుషుని ఉద్దేశించి, కెమెరాలోకి సూటిగా చూస్తూ ప్రశ్న వేస్తాడు. ఆ దృశ్యాన్ని వేరొక చోట మరొకరు చూచి, అదే రీతిలో సమాధానమిస్తారు. 150 మందికి పైగా పురుషుల నుంచి 1,500కు మించిన ప్రశ్నోత్తరాలు ఈ విధంగా సమకూరినవి. వాటిని కూర్చి ఐదు తెరలపై ప్రదర్శించినప్పుడు, ఎన్నడూ కలుసుకోనివారు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొంటున్నట్లు తోస్తుంది. ప్రేక్షకుడు ఆ సంభాషణకు సాక్షి మాత్రమే. ప్రశ్న అతనిది కాదు, సమాధానమూ అతనికి కాదు.

ముఖాముఖిగా అడగలేని మాటలను ఈ దూరమే సాధ్యం చేసింది. శ్వేతజాతీయుల ఎదుట కోడిమాంసం, పుచ్చకాయ తినడానికి సంకోచించేది తానొక్కడేనా అని ఒకరు అడుగుతారు. తమకు దారిచూపే నమూనాను ఎందుకు మిగల్చలేదని ఒక యువకుడు పౌరహక్కుల తరాన్ని నిలదీస్తాడు. మొదటి ప్రశ్నలో హాస్యం వెనుక శతాబ్దాల అవహేళన ఉన్నది. రెండవదానిలో నింద వెనుక వారసత్వం కోసం ఆర్తి ఉన్నది. ఒకే ప్రశ్నకు వచ్చే సమాధానాలు పరస్పరం విభేదించడంతో 'నల్లజాతి పురుషుడు' అనే ఏకవచనం నిలువదు.

పరిమితులు

ఏ ప్రశ్న ప్రక్కన ఏ సమాధానం నిలవాలో నిర్ణయించేది కూర్పరులే. కనుక అధికారం పూర్తిగా పాల్గొన్నవారి చేతికి వచ్చిందనలేము. రూపకర్తలలో సింక్లెయిర్ మహిళ అయినప్పటికీ, తెరపై వినిపించేది పురుషుల స్వరమే. 1996 నాటి ప్రయోగంలో సమాజమంతటికీ ఉన్న చోటు ఇక్కడ కుదించుకొన్నది. ఏకాగ్రత కోసం చెల్లించిన మూల్యమది.

ముగింపు

ప్రదర్శన మొదలైన కొద్ది వారాలకే, 2012 ఫిబ్రవరి 26న, ఫ్లోరిడాలోని శాన్‌ఫోర్డ్‌లో ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నిరాయుధ బాలుడు కాల్పులలో మరణించాడు. ఒక్క అనుమానపు చూపు మనిషిని ఎంత వేగంగా ఒక మూసలోకి కుదించగలదో ఆ ఘటన దేశానికి మరల చూపింది. అటువంటి చూపును కళ ఆపగలదని చెప్పడం అతిశయోక్తి. జీలీ చిత్రాలలో పరిశీలన వస్తువుగా మిగిలిన మానవుడు, నూట అరవై ఏండ్ల తరువాత అదే కెమెరా ఎదుట తన సాటివానిని ప్రశ్నించే కర్తగా నిలిచాడు. 'క్వశ్చన్ బ్రిడ్జ్' చరిత్రకు చేర్చిన సాక్ష్యమిది.