గ్రంథకర్తయే ప్రకటనకర్త



పూర్వము మన దేశమున కావ్యము వ్రాసిన కవి దానికి కృతిభర్తను వెదకుకొనవలసియుండెను. రాజో, జమీందారో, కలిగిన గృహస్థో కవిని సత్కరించి, ఆ కావ్యమున తన వంశమును వర్ణింపజేసికొనెడివాడు. అతనికి నచ్చని మాట గ్రంథమున జొచ్చుట అరుదు. అచ్చుయంత్రము వచ్చినంతమాత్రమున ఈ వాడుక పోలేదు. కాగితమునకును కూలికిని సొమ్ము కావలెను గదా! కథ వ్రాసి, తన యచ్చుకూటముననే ముద్రించి, పేరెరుగని పాఠకునకు అమ్మజూపిన తొలి తెలుగు రచయితలలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ధవళేశ్వరమున బడిపంతులుగా నున్న దినములలో, 1874 అక్టోబరున, ‘వివేకవర్ధని’ అను పత్రికను ఆరంభించిరి. ఆ పత్రిక మొదట అచ్చగుచుండినది చెన్నపురిలో, కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి సంజీవనీ ముద్రాక్షరశాలయందు. ఆనాటి చిక్కును మన ప్రాంతమువారు సులభముగా నూహింపగలరు. తెనాలి, బాపట్ల, చీరాలల మీదుగా చెన్నపురికి పోవు రైలు ఇంకను లేదు. అది ఆ శతాబ్ది చివరి యేండ్లలో వచ్చినది. గోదావరి యొడ్డున వ్రాసిన కాగితము చెన్నపురికి పోయి, అచ్చయి, మరల గోదావరి యొడ్డు చేరవలెను. అదియునుగాక లంచములు పుచ్చుకొను ఉద్యోగులనుగూర్చి నిర్మొగమాటముగా వ్రాయు పత్రికకు పరుల యంత్రము ఎంతకాలము ఆధారము కాగలదు? ఆ యంత్రము యజమానితోనే పంతులుగారికి వాగ్వివాదము కూడ ఏర్పడెను. ఒకరు ‘హాస్యవర్ధని’ యనగా మరియొకరు ‘హాస్యసంజీవని’ యనిరి. ఒకరి పత్రిక పేరులోని మాటను మరియొకరు తీసికొని ఎకసక్కెములాడుకొన్న ఆ పెద్దల చమత్కారము నేటికిని నవ్వు పుట్టించును. వివేకవర్ధనికి రాజమహేంద్రవరముననే స్వంత ముద్రాయంత్రము ఏర్పడిన పిదప గాని పంతులుగారి కలమునకు పూర్తిగా స్వేచ్ఛ చిక్కలేదు.

‘రాజశేఖర చరిత్రము’ ఈ యేర్పాటునుండి పుట్టిన గ్రంథమే. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ అను కథను పంతులుగారు మొదట తెనిగింపబూనిరి. అది తృప్తి గొలుపక విడిచిపెట్టి, మన యిండ్లలోని నడవడికనే వస్తువుగా గొని స్వతంత్రముగా వ్రాసిరి. మొదలుపెట్టినదానిని తానే త్రోసివేయుటకంటె పెద్ద సంస్కరణము రచయిత చేయగలది మరియొకటి లేదని నా తలంపు. ధవళేశ్వరపు రాజశేఖరుడు ముఖస్తుతులకు లోబడి ధనమును పోగొట్టుకొనుట, బంగారము చేసెదనని నమ్మించిన బైరాగి ఉన్న బంగారమునే యెత్తుకొనిపోవుట, ఆలుబిడ్డలతో కాశీయాత్రకు బయలుదేరి మార్గమున పడరాని పాట్లు పడుట మొదలగు ఘట్టములు 1878లో వివేకవర్ధనియందు వెలువడినవి. 1880లో గ్రంథరూపమున వచ్చినవి. ఇందలి లాభము గమనింపదగినది. పత్రిక చదువరిని కథకు అలవాటు చేసెను. చదువరి యేమనుచున్నాడో గ్రంథము కట్టకమునుపే రచయితకు తెలిసికొన వీలాయెను. ప్రకటనకై వేరుగ చాటింపు వేయింపవలసిన పనియు లేకపోయెను. ఏడేండ్లలో దాని ఆంగ్లానువాదము కూడ ‘ఫార్చూన్స్ వీల్’ అను పేర 1887లో లండనునుండి వెలువడినది. అనువదించినవారు హచిన్‌సను దొరగారు.

పంతులుగారు దీనిని వచన ప్రబంధమనిరి. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ‘వివేకచంద్రికా విమర్శనము’ అను పేర దీనిని తీవ్రముగా ఖండించిరి. ‘నవల’ యను పేరును ఈ జాతి గ్రంథములకు మొదట వాడినవారు ఆ శాస్త్రిగారే యని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. బిడ్డను తిట్టినవారే బిడ్డకు పేరు పెట్టిరన్నమాట!

తాను వ్రాసినదే తుదిమాట యని మురిసిపోవు స్వభావము పంతులుగారిది కాదు. మునుపెన్నడో ప్రకటించిన ‘ఆంధ్రకవుల చరిత్రము’ను ముదిమియందు మరల సవరించి, పెంచి, 1917 మొదలు ప్రకటించిరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదికి చేరువ, 1919లో కీర్తిశేషులైరి.

ఇక మన గుంటూరు సీమకు వత్తము. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు వేలూరు చెరసాలయందు ‘మాలపల్లి’ని వ్రాసిరి. వారికి స్వంత పత్రికగాని యంత్రముగాని లేవు. 1922లో బెల్లంకొండ రాఘవరావుగారు రెండు భాగములుగా దానిని అచ్చొత్తించిరి. రామదాసు కుటుంబపు కథ, పొలముకూలి తగవు, సంగదాసు చావు చదివి మద్రాసు ప్రభుత్వము బెదరి గ్రంథమును నిషేధించెను. శాసనసభలో ప్రశ్నలు లేచిన పిదప 1928లో, కొన్ని మార్పులు చేసిన మీదటనే, ప్రచురణకు అనుమతి దొరికెను. ఇదియు సంస్కరణమే, కాని రచయిత చేతి కలమును పట్టి నడిపినది సర్కారు చేయి. అట్లు దిద్దిన ప్రతియైనను నిలువనిచ్చిరా? ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు దానిని పాఠ్యగ్రంథముగా పెట్టగా, 1936లో మరల నిషేధించి పాఠ్యములనుండి తొలగింపజేసిరి. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చినపిదప ఆ యుత్తరువు రద్దయినది. లక్ష్మీనారాయణ పంతులుగారు 1958 వరకు జీవించి, తమ గ్రంథము నిరాటంకముగ ఇంటింట చదువబడుట కన్నులార చూచిరి.