కదలకూడనిది కదిలింది

1983 వేసవిలో కాలిఫోర్నియా తీరాన మాంటెరే దగ్గర స్క్విడ్‌లకు కరువొచ్చింది. ఎల్‌నినో ప్రభావంతో సముద్రం వేడెక్కి, వలల్లో పడాల్సినవి పడకుండా పోయాయి. ఆ దెబ్బ జాలర్లతోపాటు ఇద్దరు శాస్త్రవేత్తలకూ తగిలింది. ఒకరు స్టాన్‌ఫర్డ్‌లో వైద్యవిద్య, పీహెచ్‌డీ రెండూ కలిపి చదువుతున్న కుర్రాడు రాన్ వేల్. మరొకరు కనెక్టికట్ నుంచి వచ్చి కొన్నాళ్లుగా అక్కడే పనిచేస్తున్న ప్రొఫెసర్ మైకేల్ షీట్జ్. వాళ్లకు కావలసింది స్క్విడ్ మాంసం కాదు, దాని నరం.

స్క్విడ్ ఒంట్లో ఒక నరపు పోగు ఉంటుంది. ఆ పోగు అర మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకు మించిన లావు. మామూలు కంటికే కనిపిస్తుంది. మన ఒంట్లో ఆ పోగులు కంటికి ఆనవు కానీ పొడవుకు మాత్రం తక్కువ లేదు. నడుము దగ్గర వెన్ను నుంచి కాలి వేళ్ల దాకా దాదాపు మీటరు సాగేవి ఉన్నాయి. పోగు చివర పని జరగాలంటే కావలసిన ప్రోటీన్లలో చాలా భాగం ఈ చివర, కణం ప్రధాన భాగంలో తయారవుతుంది. దాన్ని అంత దూరం చేర్చేదెవరు? వేగంగా వెళ్లే సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా వెళ్తుందని అప్పటికే కొలిచారు. దాన్ని నెట్టే శక్తి ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

వేల్, షీట్జ్‌ల దగ్గర ఒక ఊహ ఉంది. కండరాన్ని ముడిచే మయోసిన్ అనే ప్రోటీన్‌ను చిన్న పూసలకు పూసి, నైటెల్లా అనే నాచు కణాల్లోని ఆక్టిన్ దారాల మీద వదిలితే అవి పరుగెత్తడం షీట్జ్, జేమ్స్ స్పుడిచ్ అంతకుముందే చూపించారు. నరంలోనూ మయోసినే సరుకు మోస్తోందేమో! అది తేల్చాలంటే స్క్విడ్ కావాలి. మాంటెరేలో లేకపోయేసరికి ఇద్దరూ దేశం ఆ చివరనున్న మసాచుసెట్స్‌కు, వుడ్స్‌హోల్ మెరైన్ బయలాజికల్ లేబొరేటరీకి చేరారు.

చేరాల్సిన చోటికే చేరారు. రాబర్ట్ అలెన్ బృందం మైక్రోస్కోప్‌కు వీడియో కెమెరా తగిలించి, దృశ్యంలోని వెలుగుపొరను ఎలక్ట్రానిక్స్‌తో తొలగించే పద్ధతి కనిపెట్టింది ఇక్కడే. స్కాట్ బ్రేడీ, రేమండ్ లాసెక్‌లు అలెన్‌తో కలిసి మరో అడుగు వేశారు. స్క్విడ్ నరపు పోగును కోసి, చిన్న రోలర్‌తో నొక్కి, లోపలి జిగురు పదార్థాన్ని గాజుపలక మీదికి తీశారు. పైపొర లేదు, కణం లేదు. అయినా టీవీ తెర మీద వందలాది చుక్కలు అటూ ఇటూ పరుగులు తీస్తూనే ఉన్నాయి.

వేల్, షీట్జ్‌లు వుడ్స్‌హోల్‌లోనే పనిచేస్తున్న బ్రూస్ ష్నాప్, టామ్ రీస్‌లతో కలిశారు. ఆ జిగురును పలుచన చేస్తే విడివిడి దారాలు బయటపడ్డాయి. ఒకే దారం మీద చుక్కలు రెండు దిక్కులకూ పోతున్నాయి. తెర మీద చూసిన దారాన్నే మళ్లీ వెతికి పట్టుకుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే తేలింది, అది ఆక్టిన్ కాదు, మైక్రోట్యూబ్యూల్. 25 నానోమీటర్ల లావున్న బోలు గొట్టం. మయోసిన్ ఊహ అక్కడితో కూలింది.

ఇక మిగిలింది, మైక్రోట్యూబ్యూల్ మీద సరుకును లాగేది ఏదన్న ప్రశ్న. వేల్ విడివిడిగా శుద్ధి చేసిన సరుకు కణికలను, మైక్రోట్యూబ్యూల్స్‌ను ఒకచోట చేర్చి చూశాడు. ఇంధనంగా ఏటీపీ ఇచ్చాడు. పెద్దగా చలనం లేదు. నరపు జిగురులోంచి తీసిన తేట ద్రవం కలిపితే మాత్రం కణికలు బాగా పరుగెత్తాయి. శాస్త్రం కోరే జాగ్రత్త కోసం, సరుకు కణికలు లేకుండా తేట ద్రవం, మైక్రోట్యూబ్యూల్స్ మాత్రమే ఉన్న పలకనూ పెట్టి చూశారు. సరుకే లేని చోట కదలడానికి ఏముంటుంది?

అక్కడ మైక్రోట్యూబ్యూల్స్ తామే కదులుతున్నాయి. గాజు మీద పాకుతూ, ఒంపులు తిరుగుతూ పోతున్నాయి.

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే. పోల్చి చూసుకోవడానికి పెట్టే పలకను ఎవరైనా పెడతారు. దాని వైపు తేరిపార చూసేవాళ్లు తక్కువ. వీళ్లు చూశారు, అర్థం గ్రహించారు. తేట ద్రవంలోని ఏదో ప్రోటీన్ గాజుకు అతుక్కుంది. హమాలీని గోడకు కట్టేస్తే కాళ్ల కింది దారే వెనక్కి జరిగినట్టు, అది తన మీదున్న గొట్టాలను నెడుతోంది. చలనాన్ని కొలవడానికి సరుకే అక్కర్లేదన్నమాట! గాజుపలక ఉంటే చాలు. ఇప్పటికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే పద్ధతి ఇది.

ఆ ప్రోటీన్‌ను వేరు చేయడానికి లాసెక్, బ్రేడీల ఫలితమే దారి చూపింది. ఏటీపీని పోలి ఉండి, అంత తేలిగ్గా విరగని ఏఎంపీ-పీఎన్‌పీ ఇస్తే సరుకు దారానికి అంటుకుని నిలిచిపోతుందని వాళ్లు చూశారు. అది కలిపితే మోటారు ప్రోటీన్ కూడా గొట్టాలకు బిగుసుకుంటుంది. అప్పుడు గొట్టాలను సెంట్రిఫ్యూజ్‌లో అడుక్కు దించి, ఏటీపీ ఇచ్చి విడిపించుకోవచ్చు. 1985 ఆగస్టులో సెల్ పత్రికలో వేల్, రీస్, షీట్జ్‌లు దానికి కైనెసిన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది బ్రేడీ కోడిపిల్లల మెదడు నుంచి ఇలాంటి ప్రోటీన్‌నే స్వతంత్రంగా వెలికితీశాడు. ఆ గౌరవం అతనికీ దక్కాలి.

మరో చిక్కు మిగిలింది. కైనెసిన్ పోయేది ఒకే దిక్కుకు, కణం మధ్య నుంచి అంచు వైపుకు. నరంలో సరుకు మాత్రం రెండు వైపులా పోతోంది. మైక్రోట్యూబ్యూల్‌కు రెండు కొసలూ ఒకేలా ఉండవు, దిక్కు దాని నిర్మాణంలోనే ఉంది. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఇంకొక మోటారు ఉండాలని అదే ఏడాది చివర్లో వేల్ బృందం రాసింది. 1987లో రిచర్డ్ వాలీ బృందం గుర్తించిన సైటోప్లాస్మిక్ డైనీన్ అదే. రేబీస్ వైరస్ కాటు పడిన చోటు నుంచి నరాల వెంట మెదడుకు ఎగబాకేది ఈ తిరుగు బండి మీదే. ముఖం మీద కాటు అంత ప్రమాదకరం కావడానికి మెదడుకు దూరం తగ్గడమూ ఒక కారణం.

వేల్ డాక్టరు చదువు పూర్తి చేయనే లేదు. 2012లో షీట్జ్, స్పుడిచ్‌లతో కలిసి లాస్కర్ అవార్డు అందుకున్నాడు. ఈ మోటారు చెడితే ఏమవుతుందో కూడా బయటపడింది. కైనెసిన్‌ను తయారుచేయించే కేఐఎఫ్5ఏ జన్యువులో లోపం వస్తే కాళ్లు బిగుసుకుపోయే వంశపారంపర్య పక్షవాతం వస్తుందని 2002లో తేలింది. అతి పొడవైన పోగులే ముందు దెబ్బతింటాయి.

లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. కైనెసిన్ అడుగు 8 నానోమీటర్లని 1993లో కొలిచారు. ఒక్కో అడుగుకు ఒక ఏటీపీ ఖర్చు. వెన్ను నుంచి కాలి వేలి దాకా మీటరు దూరమంటే పన్నెండున్నర కోట్ల అడుగులు. ఒక్క మోటారుకు అంత సత్తువ లేదు. సుమారు వంద అడుగులు వేసి జారిపోతుంది. సరుకును పట్టుకోవడానికి పక్కన ఇంకొకటి సిద్ధంగా ఉండాలి.