టైమర్ ఆపితే టైమ్ ఆగుతుందా?

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, స్క్రాచ్‌లో క్విజ్ గేమ్ చేశాం. టైమర్ మొదలవుతుంది గానీ పాజ్ కావట్లేదు." చేసి చూపిస్తాను. కానీ ముందు కొంచెం చరిత్ర, ఎందుకంటే ఈ తిప్పలు స్క్రాచ్ కన్నా చాలా పాతవి.

గడియారం అనే మాటలోనే గడియ ఉంది. గడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. అడుగున సన్న రంధ్రం ఉన్న గిన్నెని నీళ్ల మీద వదిలేవాళ్లు. అది నిండి మునిగితే ఒక గడియ. దాన్ని మధ్యలో ఆపే పనే లేదు. పొద్దు ఎవరి కోసం ఆగుతుంది?

ఆపాల్సిన అవసరం ఆటలో వచ్చింది. 1861లో ఆండర్సన్, కోలిష్ లండన్‌లో చెస్ మ్యాచ్ ఆడినప్పుడు ఇసుక గడియారాలు పెట్టారు. 24 ఎత్తులకి రెండు గంటలు. ఇసుక గడియారాన్ని పాజ్ చేయాలంటే పక్కకి పడుకోబెడితే చాలు. జారిన ఇసుక జారినట్టే ఉంటుంది, మిగిలింది మిగిలినట్టే. నాకైతే ఇంతకన్నా మంచి పాజ్ బటన్ ఇప్పటికీ కనపడలేదు! తర్వాత 1883 లండన్ టోర్నమెంట్‌లో మాంచెస్టర్‌కి చెందిన థామస్ బ్రైట్ విల్సన్ ఆలోచనతో జంట గడియారం వచ్చింది. ఒకే కమ్మీకి రెండు గడియారాలు. ఒకటి వంగి ఆగితే రెండోది నడుస్తుంది.

ఇప్పుడు స్క్రాచ్. 2007లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు విడుదల చేశారు. అందులో టైమర్ బ్లాక్ ఉంది, రీసెట్ బ్లాక్ ఉంది, పాజ్ బ్లాక్ మాత్రం లేదు. చాలామంది ఒక సెకను ఆగు, ఒకటి కలుపు అని లూప్ పెడతారు. లూప్‌లో మిగతా పనులకి పట్టే టైమ్ కొంచెం కొంచెం పోగై లెక్క వెనకబడుతుంది. అలా వద్దు. "దాచింది" అని ఒక వేరియబుల్ పెట్టండి, మొదట్లో సున్నా. పాజ్ నొక్కగానే అప్పటి టైమర్ విలువని దానికి కలపండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు టైమర్ రీసెట్ చేయండి. నడుస్తున్నప్పుడు స్క్రీన్ మీద "దాచింది" ప్లస్ టైమర్ చూపించండి, పాజ్‌లో ఉంటే "దాచింది" ఒక్కటే. అంతే. పడుకోబెట్టిన ఇసుక గడియారమే ఇది. ఒక జాగ్రత్త, ప్రాజెక్ట్ మొత్తానికి టైమర్ ఒక్కటే. వేరే స్ప్రైట్ దాన్ని రీసెట్ చేస్తే మీ లెక్క పోయినట్టే.

ఆటల గొడవే కదా అనుకోకండి. మాది హాలియా. 1967లో సాగర్ కాలువలకి నీళ్లు వదిలిన దగ్గర్నుంచి మా వైపు వ్యవసాయం ఎడమ కాలువ మీదే. డ్యామ్‌లో నీళ్లు తక్కువుంటే "ఆన్ అండ్ ఆఫ్" అంటారు. కొన్ని రోజులు వదులుతారు, కొన్ని రోజులు ఆపుతారు. అంటే కాలువకే పాజ్ బటన్. కానీ గేటు ఎత్తిన గంట వేరు, చివరి మడికి నీళ్లు చేరే గంట వేరు. లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పంజాబ్, హర్యానా కాలువల మీద వారబందీ అని పాత పద్ధతి ఉంది. వారానికి 168 గంటలు, ఎవరికెంత భూమి ఉంటే అంత సేపు నీళ్లు. పిల్లకాలువ నిండటానికి పట్టే టైమ్‌ని "భరాయి" అని రైతుకి కలిపి ఇస్తారు. చూడండి, కాగితం మీదే వేరియబుల్ పెట్టారు! కానీ మీ వంతు నడుస్తుండగా కాలువ బంద్ అయితే? ఆ గంటలు పోయినట్టే, తిరిగి రావు. నీళ్లు ఆగినా గడియారం ఆగదు. భరాయి లెక్క కట్టిన వాళ్లకి పాజ్ తట్టలేదంటే నేను నమ్మను. ఆపిన టైమ్ ఒకరికి తిరిగిస్తే తర్వాతి వాడి వంతు జరుగుతుంది, వారమంతా జరుగుతుంది. అందుకే ఆ నష్టం ఒక్క రైతు మీద వదిలేశారు. అది న్యాయం అని మాత్రం నేను అనను.

వచ్చే ఎపిసోడ్‌కి మీ పని ఇది. నలుగురు రైతులు, ఒక కాలువ, నాలుగు టైమర్లు. పాజ్ కండిషన్ గేటు దగ్గర కాదు, మడి దగ్గర పెట్టండి. నీళ్లు తగిలితేనే సెకను కదలాలి. వారం ఎన్ని గంటలకి సాగుతుందో చూసి నాకు చెప్పండి.