పని నేర్పడం వేరు, పనికి పెట్టడం వేరు: గోదావరి జిల్లాల్లో ఆడపిల్లల బడి బయటి చదువు

ఏటా వేసవి సెలవులు దగ్గరపడేసరికి మన సంఘం మీటింగుల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది. తొమ్మిది, పది చదివే పిల్లలు జూన్ దాకా ఏం చెయ్యాలి? పట్నంలో వసతి ఉన్నవాళ్ల పిల్లలకు సమ్మర్ క్యాంపులు, కోచింగులు ఉన్నాయి. ఈమధ్య హైస్కూలు పిల్లలకు ఇంటర్న్‌షిప్ అనేది కూడా వచ్చింది. చదువు మానకుండా కొన్నాళ్లు ఒక పనిచోటుకి వెళ్లి, అక్కడి పనిని దగ్గరుండి చూసి, చేతులతో చేసి నేర్చుకోవడమే ఇంటర్న్‌షిప్. మన పల్లెల్లో సెలవులంటే వేరే లెక్క. రొయ్యల షెడ్డు, జీడిపప్పు ఒలుపు, నర్సరీ కూలి. నాలుగు డబ్బులొస్తాయని పంపుతాం. కొందరు పిల్లలు జూన్‌లో తిరిగి బడికి వెళ్లరు.

రెండింటినీ మనం ‘సెలవుల్లో పని’ అనే అంటాం. ఒక పని చదువును పెంచుతుంది, ఇంకొకటి చదువును మింగేస్తుంది. ఈ తేడా ఎక్కడుందో చూడడానికి దూరం వెళ్లక్కర్లేదు. మన గోదావరి జిల్లాల్లో గడిచిన 150 ఏళ్ల చరిత్ర చాలు. అందుకే ఈ ఏడాది నివేదికలో లెక్కలతోపాటు ఈ వ్యాసం కూడా వేస్తున్నాం.

ధవళేశ్వరంలో మొదలు

ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాయి, డెల్టా పచ్చబడింది. అదే ఊళ్లో కందుకూరి వీరేశలింగం గారు ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. అంటే పొలానికి నీళ్లొచ్చిన 22 ఏళ్లకు గానీ ఆడపిల్లకు పలక రాలేదు. ఆ తర్వాత రాజమండ్రిలో కూడా ఆయన ఆడపిల్లల బడి నడిపారు.

బడి పెట్టగానే కష్టం తీరలేదు. అప్పట్లో పిల్లలకు ఎనిమిది, పదేళ్లకే పెళ్లిళ్లు. పెళ్లితోనే బడి ఆగిపోయేది. వీరేశలింగం గారు 1883లో ఆడవాళ్ల కోసమే ‘సతీహితబోధిని’ అనే పత్రిక మొదలుపెట్టారు. బడికి రాలేని వాళ్లు ఇంట్లోనే చదువుకోవడానికి అది పనికొచ్చింది. బడి గంటలకు బయట కూడా చదువు ఉండాలన్న ఆలోచన మన జిల్లాలో అంత పాతది. ఇవాళ ట్యూషన్, వేసవి శిబిరం, గ్రంథాలయం అని మనం అడిగేవన్నీ ఆ దారిలోనివే.

కాకినాడ, 1923

రాజమండ్రిలో 1909 జూలై 15న పుట్టిన దుర్గాబాయి గారి సంగతి మన సభ్యుల్లో చాలామందికి తెలుసు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఇంగ్లీషు చదువును బలవంతంగా రుద్దుతున్నారని పన్నెండేళ్ల వయసులో బడి మానేశారు. మానేసి ఇంట్లో ఊరికే కూర్చోలేదు. తను నేర్చుకున్న హిందీని తోటి ఆడపిల్లలకు నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టారు.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. సభతోపాటు పెట్టిన ఖాదీ ప్రదర్శన దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీరు. టికెట్టు లేనివాళ్లను లోపలికి పంపకూడదని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు టికెట్టు కొని ఇచ్చాకే వదిలింది. చెప్పిన పని చెప్పినట్టు చేసిందని నెహ్రూ మెచ్చుకున్నారు.

ఈ కథను మనం ధైర్యం గురించి చెప్పుకుంటాం. పని నేర్చుకోవడం గురించి కూడా ఇందులో ఒక పాఠం ఉంది. ఆ పిల్లకు ఇచ్చింది బొమ్మ పని కాదు, నిజమైన బాధ్యత. ఏం చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో ముందే చెప్పారు. ఆమె సరిగ్గా చేసినప్పుడు పెద్దవాళ్లు ఆమె మాటను నిలబెట్టారు. “చిన్నపిల్ల, తెలీదు, పక్కకు జరుగు” అనలేదు. ఇవాళ ఏ ఇంటర్న్‌షిప్‌కైనా కావలసింది ఈ మూడే.

తర్వాత ఏమైందో కూడా చూడాలి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. తమ కేసేమిటో కూడా తెలియని ఆడ ఖైదీలను అక్కడ చూసి, న్యాయశాస్త్రం చదవాలనుకున్నారు. బడి మానేసిన ఆ మనిషే బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా రాసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. ఆనర్స్ చేసి, 1942లో మద్రాసులో లా పట్టా పొందారు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను అదే బనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో బడి మానేసిన మహిళలకు తక్కువ కాలంలో చదువు పూర్తిచేయించే కోర్సులు మొదలుపెట్టింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి కూడా ఆవిడే అధ్యక్షురాలు. పని ఆమెను చదువు దగ్గరికి తిరిగి నడిపించింది.

నరసాపురం లేసు చెప్పే రెండో కథ

ఇదే డెల్టాలో ఇంకో కథ ఉంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దం మధ్యలో మిషనరీల ద్వారా వచ్చింది. తల్లి పక్కన కూర్చుని కూతురు, కూతురి పక్కన మనవరాలు క్రోషియా సూది పట్టడం నేర్చుకున్నారు. ఆ చేతుల్లోంచి వచ్చిన సరుకు విదేశాలకు పోయింది. చిన్నతనంలోనే పని నేర్చుకోవడం అంటే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

జర్మనీ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో ఉండి చూసి, 1982లో లేసు కార్మికుల మీద పుస్తకం అచ్చువేశారు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకు పని చేసేది ఇంకొకరు. మొత్తం వస్తువు ఎలా తయారవుతుందో, ఎంతకు అమ్ముడవుతుందో అల్లిన మనిషికి తెలియదు. దారం ఏజెంటు తెచ్చిచ్చేవాడు, సరుకు తనే పట్టుకుపోయేవాడు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా రూపాయి కూడా గిట్టేది కాదు. అంత కష్టపడుతున్న వాళ్లను ‘ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్లు, కాలక్షేపానికి అల్లుకుంటున్నారు’ అని లెక్కగట్టారు. సరుకు లెక్క, ధర, బయ్యరుతో మాట మగవాళ్ల చేతిలో ఉండిపోయాయి.

ఈ అల్లిక గొప్ప కళ. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనందరికీ గర్వం. రుస్తుంబాదలోని లేసు పార్కు వల్ల మహిళలే సొసైటీలుగా చేరి అమ్మకం వైపు కూడా అడుగేశారు. కానీ వందేళ్లకు పైగా జరిగిన దాన్ని మరిచిపోకూడదు. ఆడపిల్లకు చేతి పని నేర్పారు, లెక్క నేర్పలేదు. సూది ఇచ్చారు, పుస్తకం చూపలేదు. దుర్గాబాయికి దొరికిన పనికీ, లేసు అల్లిన పిల్లకు దొరికిన పనికీ తేడా అక్కడే ఉంది.

సర్కారు కాగితాల్లో

బడిలో పని కూడా ఒక చదువే అన్న మాటను గాంధీ గారు 1937లో వార్ధాలో నయీ తాలీమ్ పేరుతో ముందుకు తెచ్చారు. 1964-66 నాటి కొఠారి కమిషన్ ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ ‘సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని’ అంది. మనలో కొందరికి ఎస్.యు.పి.డబ్ల్యు. పీరియడ్ గుర్తుండే ఉంటుంది. చాలా బళ్లలో అది మొక్కలకు నీళ్లు పొయ్యడంతో, గది ఊడ్వడంతో సరిపోయేది. అది ఎక్కువగా ఆడపిల్లల వంతే అయ్యేది.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు ఎప్పుడైనా ఒక పది రోజులు సంచీ లేకుండా వెళ్లి వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలంది. 6 నుంచి 12 దాకా పిల్లలకు సెలవుల్లో కూడా అలాంటి అవకాశం ఇవ్వొచ్చంది. కాగితం మంచిదే. పల్లెలో దాన్ని ఎవరు నడపాలన్నదే ప్రశ్న.

చట్టం కూడా మనకు తెలిసి ఉండాలి. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోకూడదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ‘సెలవులే కదా’ అన్న మాట చట్టం ముందు చెల్లదు.

మన పుస్తకాలు ఎవరు రాశారు?

1980ల్లో డ్వాక్రా వచ్చింది. 2000లో సెర్ప్ ఏర్పడి వెలుగు మొదలయ్యాక సంఘాలు ఊరూరా పెరిగాయి. పంచసూత్రాల్లో ఒకటి పుస్తకాల నిర్వహణ. అప్పట్లో సభ్యుల్లో సంతకం పెట్టేవాళ్లే తక్కువ. మరి పుస్తకాలు ఎవరు రాశారు? ఎన్నో సంఘాల్లో సభ్యురాలి కూతురో, మేనకోడలో రాసింది. హైస్కూలు చదివే పిల్ల సాయంత్రం వచ్చి చాప మీద కూర్చుని హాజరు, పొదుపు, అప్పు, వాయిదా వరసగా రాసేది. అప్పుడు దానికి ఇంటర్న్‌షిప్ అనే పేరు లేదు, సర్టిఫికెట్టు లేదు. పని మాత్రం అదే.

ఆ పిల్ల ఏం నేర్చుకుందో ఒక్కసారి చూడండి. బళ్లో బారువడ్డీ లెక్క చెప్తారు. సంఘంలో పదివేలు అప్పు రూపాయి వడ్డీకి ఇస్తే నెలకు వంద, ఏడాదికి పన్నెండొందలు. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే అదే పదివేలకు ఏడాదికి మూడువేల ఆరొందలు. ఈ తేడా రెండువేల నాలుగొందలు. తన తల్లి పేరు మీద ఈ లెక్క తనే వేసిన పిల్ల దాన్ని జీవితంలో మరిచిపోదు. తీర్మానం రాయడమంటే పదిమంది పది రకాలుగా మాట్లాడినదాన్ని నాలుగు వాక్యాల్లోకి తేవడం. అది తెలుగు పరీక్షకూ పనికొస్తుంది, రేపు ఉద్యోగంలోనూ పనికొస్తుంది.

సంఘాల ద్వారా పిల్లల చదువుకు డబ్బు కూడా అందింది. జనశ్రీ బీమాలో ఉన్న సభ్యుల పిల్లలు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదువుతుంటే ఏడాదికి 1200 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చేది. నెలకు వంద రూపాయలే అయినా ఆ ఫారం నింపడానికి బడినుంచి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఆ ఒక్క కాగితం కోసం బడి మానని పిల్లలున్నారు. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని పిల్లలు రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000, నాలుగేళ్లకు 48,000 రూపాయలు. పది పాసయ్యాక ఆరేళ్ల కోర్సు చదివించే ట్రిపుల్ ఐటీలు 2008 నుంచి ఉన్నాయి. మనకు దగ్గరది నూజివీడు. ఈ రెండింటి గురించి తెలియని ఇల్లు మన సంఘాల్లో ఒక్కటి కూడా ఉండకూడదు.

వచ్చే వేసవికి మన ప్రతిపాదన

ఈ చరిత్రంతా చదివాక మేము తేల్చుకున్నది ఒకటే. పిల్లను పనిలో పెట్టేముందు నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. అక్కడ ఆమెకు నేర్పే మనిషి ఉందా? పనితోపాటు లెక్క కూడా చూపిస్తారా? ఆమె మాటకు విలువ ఉంటుందా? బడి తెరిచిన రోజు ఆమె తిరిగి బడిలో ఉంటుందా? నాలుగింటికీ అవునంటేనే అది నేర్చుకోవడం. ఒక్కదానికి కాదన్నా అది కూలి.

దీని ప్రకారం వచ్చే వేసవికి గ్రామ సంఘాల ముందు ఈ ప్రతిపాదన పెడుతున్నాం. పద్నాలుగేళ్లు నిండి, తొమ్మిది పూర్తి చేసిన లేదా పది పరీక్ష రాసిన ఆడపిల్లలకు గ్రామ సంఘం ఆఫీసులో మూడు వారాలు, రోజుకు మూడు గంటలు, అదీ ఉదయం పూటే. మొదటి వారం క్యాష్ బుక్, పాస్‌బుక్, తీర్మానం. రెండో వారం బ్యాంకుకు వెళ్లి ఫారాలు నింపడం, ఖాతా వివరాలు చదవడం. మూడో వారం ఊళ్లో ఒక వ్యాపారాన్ని చూసి ఖర్చు, రాబడి, లాభం రాయడం. లేసు కావచ్చు, నర్సరీ కావచ్చు, పాలకేంద్రం కావచ్చు. మధ్యలో ఒకరోజు ధవళేశ్వరం కాటన్ మ్యూజియం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం చూపించాలి. దారిఖర్చు, టిఫిను సంఘం పెట్టాలి. పిల్ల చేతికి డబ్బు వచ్చినా రాకపోయినా, ఏం నేర్చుకుందో రాసిన కాగితం మాత్రం తప్పక ఇవ్వాలి. పదో తరగతి తప్పిన పిల్లలు కూడా రావాలి. వాళ్లకు సప్లిమెంటరీ పరీక్ష చదువే ముందు, ఆఫీసు పని తర్వాత.

ఈ ప్రతిపాదనను వచ్చే నెల మీటింగులో చదివి, మీ ఊళ్లో అలాంటి పిల్లలు ఎందరున్నారో పేర్లతో రాసుకోండి. ఒప్పుకున్నా మార్పులు కోరినా తీర్మానం చేసి మండల సమాఖ్యకు పంపండి. ఆ రోజు తీర్మానం పుస్తకం రాయడానికి హైస్కూలు చదివే ఒక అమ్మాయిని కూర్చోబెట్టండి.