కృష్ణ ఇసుకలో ‘సంధ్య’: సూక్ష్మ జలచరాల గుర్తింపు, నామకరణం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: 2001లో విజయవాడ వద్ద కృష్ణానది ఇసుక నుంచి వెలుగుచూసిన సూక్ష్మ క్రస్టేషియన్ జాతులను ఏ అవయవాల ఆధారంగా గుర్తిస్తారో, వాటిలో ఒకదాని పేరు ఎందుకు మారిందో పరిశీలించడం, ఈ వర్ణనలు తెలుగులోకి రావలసిన అవసరాన్ని చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కోపిపోడా, కృష్ణానది, నామకరణం, ప్రజాతి, శాస్త్రపరిభాష.

1. ఉపోద్ఘాతం

చెరువునీటిని గాజుగ్లాసులో పోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చుక్కల్లా ఎగిరెగిరిపడే ప్రాణులు కనిపిస్తాయి. ఇవి రొయ్యలకూ పీతలకూ దూరపు బంధువులు. వీటిలో ఒక పెద్ద వర్గం కోపిపోడా. గ్రీకులో ‘తెడ్డు’, ‘పాదం’ అనే అర్థాలున్న మాటల కలయిక అది. నారికురుపును కలిగించే పురుగు పిల్లలు మనిషి ఒంట్లోకి చేరేది ఈ వర్గానికి చెందిన సైక్లాప్స్ ద్వారానే. దిగుడుబావుల నీటితో వ్యాపించిన ఆ వ్యాధికి తెలుగులో పేరుంది. దాన్ని మోసిన ప్రాణికి మాత్రం లేదు.

2. కాళ్లే ఆనవాళ్లు

ఈ ప్రాణుల వర్గీకరణలో నాగార్జున విశ్వవిద్యాలయ జంతుశాస్త్రాచార్యులు వై. రంగారెడ్డి కృషి విశిష్టమైనది. డయాప్టమిడే కుటుంబంలోని పలు ప్రజాతులను గుర్తించడానికి 1994లో ఆయన గ్రంథం వెలువడింది. ఈ కుటుంబంలో మగజీవి కుడి స్పర్శశృంగం మడత కీలుతో ఉంటుంది. ఐదో జత కాళ్లలో కుడికాలు ఒకలా, ఎడమకాలు మరోలా ఉంటాయి. జాతిని తేల్చడంలో ఆ కాళ్లదే ప్రధాన సాక్ష్యం.

2001లో ఆయన పారాస్టెనోకారిడిడే కుటుంబం భారతదేశంలో ఉన్నట్లు ప్రకటించి, విజయవాడ వద్ద కృష్ణానది నుంచి మూడు కొత్త జాతులను వర్ణించారు. ఇసుకరేణువుల సందుల్లోని నీటిలో బతికే ఈ కుటుంబపు జీవులు కళ్లులేనివి, దారపు పోగులా సన్ననివి. నిడివి సాధారణంగా అర మిల్లీమీటరుకు మించదు. ఇక్కడ మగజీవి మూడో జత కాళ్లు ఈతకు కాక పట్టుకోవడానికి వీలుగా మారి ఉంటాయి. ఆ కాలి వంపు, ముల్లు, నాలుగో కాలి లోపలి శాఖ – వీటిని సూక్ష్మదర్శిని కింద విడదీసి గీస్తే తప్ప జాతి తేలదు. తాళపత్రాల పాఠభేదాలను అక్షరం అక్షరంగా సరిచూసే పరిష్కర్త పనికి ఇది దగ్గరి పని.

3. ఇంటిపేరు మార్పు

ఆ మూడింటి పేర్లు గాయత్రి, సంధ్య, సవిత. నదీతీరంలో చదివే తెలుగు పాఠకుడికి ఇవి సంధ్యావందనాన్ని స్ఫురింపజేస్తాయి. (ఇది నా పఠనమే, నామకర్త ఉద్దేశమని చెప్పడం లేదు.) శాస్త్రనామంలో ప్రజాతి ముందు, జాతి తర్వాత వస్తాయి. మన ఇంటిపేరు, పేరు వరుస కూడా అదే. మూడు జాతులకూ మొదట ‘పారాస్టెనోకారిస్’ ఇంటిపేరే. 2010లో కోర్గొసిన్యో, మార్టినెస్ అర్బిసులతో కలిసి రంగారెడ్డి మరల పరిశీలించి, సంధ్యను ‘సియోలికారిస్’ ప్రజాతిలో చేర్చారు. ఆ ప్రజాతిలోని సియోలి, జాకోబి జాతులు దక్షిణ అమెరికావి. పేరు నిలిచింది, ఇంటిపేరు మారింది. నియమం ప్రకారం తొలి వర్ణనకర్త పేరు కుండలీకరణాల్లోకి చేరింది.

ఇంతటి అల్పప్రాణి మహాసముద్రం ఈది వచ్చిందనుకోవడం కష్టం. ఖండాలు కలిసి ఉన్న కాలంనాటి బంధుత్వం కావచ్చునన్న ఊహ సహజం. 2002లో రంగారెడ్డి వర్ణించిన హబ్రోబాతినెల్లా నాగార్జునై కూడా ఇటువంటిదే. దాని ప్రజాతి మొదట మడగాస్కర్ నుంచి తెలిసింది.

4. తెలుగు వర్ణన

1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు జంతుశాస్త్ర పరిభాషకు పునాది వేశాయి. అయినా కృష్ణ ఇసుకలో దొరికిన సంధ్య కాలి వర్ణన ఆంగ్లంలోనే ఉంది. ‘అరిత్రపాద’ వంటి సంస్కృత సమాసం హిందీకి సరిపోయింది. మనకు ‘తెడ్డుకాళ్లవి’ అన్నా చాలునని నా అభిప్రాయం. కొక్కెం, పట్టకారు, ముల్లు, నూగు వంటి వాడుకమాటలతోనే ఆ మూడో కాలిని చాలావరకు వర్ణించవచ్చు. ఆ పనికి జంతుశాస్త్ర, తెలుగు శాఖల పరిశోధకులు కలిసి కూర్చోవాలి. ఇసుక లారీకెక్కేటప్పుడు దానితోపాటు ఏది వెళ్లిపోతున్నదో ఒడ్డునున్న మనిషికి చెప్పడానికి ముందు ఆ మాటలు కావాలి.