అమెజాన్ నల్లమట్టి: బయోచార్ పూర్వచరిత్ర

పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలిన కట్టెను తగలబెట్టడం మీరు చూసే ఉంటారు. అలా కాలిస్తే కర్బనం చాలావరకు గాలిలో కలిసిపోయి బూడిద మిగులుతుంది. గాలి బాగా తగ్గించి కాలిస్తే బొగ్గు మిగులుతుంది. నేలలో వేయడానికి చేసిన ఆ బొగ్గే బయోచార్. దాని చరిత్ర కోసం మనం బ్రెజిల్‌కు వెళ్లాలి.

1542లో స్పెయిన్ దండనాయకుడు ఒరెల్యానా వెంట అమెజాన్ నదిపై ప్రయాణించిన మతగురువు కార్వహాల్, ఒడ్డున పెద్ద పెద్ద జనావాసాలు ఉన్నాయని రాశాడు. తర్వాతి యాత్రికులకు ఎక్కువగా అడవే కనిపించింది. అంత నిస్సారమైన నేల అంతమందిని ఎలా పోషిస్తుందంటూ చాలామంది పండితులు ఆయన మాటను కొట్టిపారేశారు.

కానీ ఆ నేలలోనే అక్కడక్కడ ‘టెర్రా ప్రెటా’ అనే సారవంతమైన నల్లమట్టి ఉంది. దీన్ని మన నల్లరేగడితో పోల్చకండి. రేగడి నలుపు బొగ్గు వల్ల వచ్చింది కాదు. టెర్రా ప్రెటాను కొందరు అగ్నిపర్వతాల బూడిద అన్నారు, కొందరు ఎండిన చెరువుల అడుగుమట్టి అన్నారు. మరి అందులోకి కుండపెంకులు, చేపల ఎముకలు, బొగ్గు ఎలా వచ్చినట్లు? డచ్ శాస్త్రవేత్త విమ్ సోంబ్రుక్ 1966లో తన గ్రంథంలో దీన్ని చర్చించాడు. తరతరాలుగా మనుషులు నివసించిన చోట ఏర్పడిన మట్టి ఇదని నేడు అత్యధికులు అంగీకరిస్తున్నారు. జనాభా ఎంత అన్న వాదం తెగలేదు గానీ, కార్వహాల్‌ది కట్టుకథ అనడం ఇక తేలిక కాదు.

ఒక సంగతి గమనించండి. ఆ మట్టి సారానికి బొగ్గు ఒక్కటే కారణం కాదు. ఎముకలు, వంటింటి వ్యర్థాలు కూడా అందులో చేరాయి. బొగ్గు ఆ పోషకాలను పట్టి ఉంచింది. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ పత్తి, కంది కట్టెను ఇనుప డ్రమ్ము బట్టీలో బయోచార్‌గా మార్చే పద్ధతిని రూపొందించింది. ఆ బయోచార్‌ను పశువుల ఎరువుతో కలిపి వేస్తే అది అమెజాన్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది.